గ్విన్ దొర బంతికి మంత్రం వదిలించిన వైనం

సైన్సు తరఫున వాదించి, సైన్సు చేతిలోనే చిత్తుగా ఓడిన హేతువాదిని మీరెక్కడైనా చూశారా? చూడలేదంటే నమ్ముతాను. అలాంటివాళ్లు ఆ సంగతి బయటికి చెప్పుకోరు. నేనెందుకు చెబుతున్నానంటే, నా పరాభవాన్ని సగం రంగూన్ కళ్లారా చూసింది. ఇంక దాచి లాభం లేదు.

అవి సైనిక ప్రభుత్వపు రోజులు. నలుగురు ఒకచోట నిలబడి మాట్లాడుకుంటే అయిదోవాడు వచ్చి విషయమేమిటని అడిగేవాడు. అందుకే రంగూన్‌లోని పజుండౌంగ్ పేటలో మా తెలుగు కుర్రాళ్లం పెట్టుకున్న హేతువాద సంఘానికి బోర్డు లేదు, గది లేదు. పుస్తకాలు మా అక్క మంచం కింద ఉండేవి. వాటిని క్రమం తప్పకుండా చదివింది చెదపురుగులే. చర్చలకు మాకు దొరికిన దారి క్రికెట్. ఆదివారం పొద్దున్నే రైసుమిల్లు వెనక ఖాళీ జాగాలో, దేవుడు లేడనే జట్టూ ఉన్నాడనే జట్టూ ఆడేవి. బ్యాటు పట్టుకున్నవాడు తప్ప మిగతా అందరూ వాదించుకునేవారు. పేట కౌన్సిల్ పెద్ద ఒకసారి వచ్చి చాలాసేపు చూసి, తల గోక్కుని వెళ్లిపోయాడు. అర్థంకానిదాన్ని నిషేధించడం ఎంత గట్టి ప్రభుత్వానికైనా కష్టమే.

ఉన్నాడనే జట్టుకు పెద్ద పార్వతీశం బాబాయి. పప్పుల కొట్టు ఆయనది, రామమందిరం పెత్తనమూ ఆయనదే. మందిరం వరండా పక్కన ఒక గది ఊరికే పడి ఉండేది. దాన్ని మా పుస్తకాలకు ఇమ్మని నేను ఆయన వెంటపడని రోజు లేదు. ఆ గది దొరికితే మా సంఘం బతుకుతుంది, లేకపోతే మంచం కిందే చస్తుంది. నా బాధ అదీ.

సరిగ్గా అప్పుడే గ్విన్ దొర వచ్చాడు. రైసుమిల్లు ఇంజన్లు బాగు చెయ్యడానికి ప్రభుత్వమే రప్పించిన మనిషి. విడిభాగాలు చేయించుకోవడానికి మా బావ లేత్ మిషను వర్క్‌షాపుకు వచ్చేవాడు. అక్కడ ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే తన కథంతా నాకే చెప్పేవాడు. వేల్స్‌లో ఒక బొగ్గుగనుల ఊరు తనది. వేసవంతా అక్కడి కౌంటీ జట్టుకు జీతం మీద బౌలింగు, చలికాలమంతా ఉక్కు కార్ఖానాలో పని. వాళ్ల ఆట చూడటానికి వచ్చేవాళ్లలో సగంమంది వాన ఆగితే బస్సెక్కుదామని ఆగినవాళ్లేనట. బ్యాటింగులో ఆఖరివాడు. తను మెట్లు దిగుతుంటే చాలు, మైదానం ఊడ్చేవాడు చీపురు తీసేవాడట. చివరికి మోకాలు మొరాయించింది. జట్టు పెద్దలు చెయ్యి కలిపి, ఒక గొడుగు బహూకరించి సాగనంపారు. ఆ గొడుగే రంగూన్ వానల్లోనూ వాడేవాడు. ఇదంతా నవ్వుతూనే చెప్పాడు గాని, తన ఆఖరి మ్యాచ్ బంతిని మాత్రం పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉంచుకున్నాడు.

ఒక ఆదివారం ఆ ఎర్రబంతి పట్టుకుని మా మైదానానికి వచ్చాడు. వేసే ముందు దానికి ఒకవైపు ఉమ్మి రాశాడు. ప్యాంటుకు రుద్దాడు. చూసుకుని మళ్లీ రుద్దాడు. రెండోవైపు ముట్టనైనా ముట్టలేదు. ఇలా చేస్తే బంతి గాలిలో వంకర తిరుగుతుందని మాత్రం అన్నాడు, అది నేను అందరికీ తెలుగులో చెప్పాను.

పార్వతీశం బాబాయి మొహం వెలిగిపోయింది. "ఏటిరా రామ్మూర్తీ, సూసినావా? సీమదొరకి కూడా నమ్మకం ఉంది. అది మంత్రం గాకపోతే మరేటి?"

ఇంక నన్ను ఆపేదెవరు? వికెట్టుగా పెట్టుకున్న కిరసనాయిలు డబ్బా పక్కన నిలబడి ఉపన్యాసం అందుకున్నాను. ఉమ్మి రాస్తే బంతి మాట వింటుందా అన్నాను. తాయెత్తుల దగ్గర మొదలుపెట్టి దిష్టిబొమ్మల మీదుగా గ్విన్ దొర ప్యాంటు దాకా వచ్చాను. మానవజాతి పతనమంతా ఆ ప్యాంటు మీది ఎర్రమరకలోనే కనిపించింది నాకు. పాపం దొర, తెలుగు ముక్క రాదు, మర్యాదగా తలూపుతూ విన్నాడు.

"అయితే పందెం ఏటి?" అన్నాడు బాబాయి.

"ఆ బంతి గాలిలో వంకర తిరిగితే గుండు కొట్టించుకుని మందిరం ముందు నిలబడతాను. తిరక్కపోతే వరండా గది మాది."

"సరే, గది నీదే," అన్నాడాయన. మా కుర్రాళ్లు అప్పుడే అలమరాలు ఎక్కడ పెట్టాలో మాట్లాడుకోసాగారు.

బ్యాటు నేనే పట్టుకున్నాను. పట్టుకునే ముందు ఇంకో ఘనకార్యం చేశాను. పాఠకులారా, ఇక్కడ కాస్త గుండె చిక్కబట్టుకోండి. మంత్రం ఆనవాలు కూడా మిగలకూడదని దొర చేతిలోంచి బంతి లాక్కుని, ఆయన ఉమ్మి రాసినవైపు నా లుంగీతో తుడిచాను. ఒకసారి తుడిస్తే చాలదనిపించింది. పెళ్లికి ఇత్తడి బిందె తోమినట్టు తోమాను. అందులో నా మొహం కనిపించాకే వదిలాను. దొర దాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఇంత బాగా మెరుగు పెట్టేవాడు మా జట్టులో కూడా లేడు అన్నాడు. నేను దాన్ని వెటకారమనుకున్నాను.

మోకాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి బంతి వదిలాడు. అది తిన్నగా, నాకు మూరెడు ఎడంగా వస్తోంది. తిన్నగా వస్తోందని లోకమంతా చూడాలని బ్యాటు పైకెత్తి, జండా పట్టుకున్నవాడిలా నిలబడ్డాను. సగం దూరం వచ్చాక దానికి ఏదో గుర్తొచ్చినట్టు లోపలికి వంగింది. డబ్బా మోత మిల్లు పక్క వాగు అవతలికి వినిపించింది.

తర్వాత దొర నెమ్మదిగా వివరించాడు. బంతి ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుకుగా ఉంటే గాలి రెండువైపులా ఒకేలా జారదు. బంతి గరుకువైపుకు వంగుతుంది. అంతా భౌతికశాస్త్రమే. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

"నన్నెవరూ అడగలేదుగా," అన్నాడు. "నువ్వు ఆయనతో మాట్లాడుతున్నావు."

అదంతా తెలుగులో చెప్పి బాబాయి మీదికి తిరిగాను. "విన్నావా? మంత్రం కాదు, సైన్సు. గెలిచింది మేమే."

"వంగితే గుండన్నావు గాని, ఎందుకు వంగిందో పందెంలో నేదు గదా?" అన్నాడు బాబాయి తాపీగా. "గుండుకి మంచి రోజు సూడమంటావా? ఓ, నీకు ముహూర్తాలు గిట్టవు. అయితే రేపే."

మర్నాడు మంగలి నా తల కుడివైపు పూర్తి చేసి కత్తి నూరుకుంటుండగా వీధిలో లారీ ఆగింది. ఏదో సభకు జనం కావాలట, కొట్టుకిద్దరు ఎక్కాలట. ఆ కొట్టులో ఉన్నది ఇద్దరమే, ఇద్దర్నీ ఎక్కించారు. మైదానంలో వరసల్లో నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. వేదిక మీది అధికారి నన్ను చూసి ఒక వాక్యం మరిచిపోయి, మొదటినుంచి చదివాడు. తిరిగొస్తుంటే మిల్లు గేటు దగ్గర గ్విన్ దొర ఎదురయ్యాడు. నా తలను అటుపక్కా ఇటుపక్కా శ్రద్ధగా పరీక్షించి, గాలి వీచేటప్పుడు వంతెన ఎక్కవద్దని సలహా ఇచ్చాడు.

ఇంటికొస్తే అక్క తలుపు దగ్గరే ఆపేసింది. "నీ బుర్రలో ఏటుందో ఎవులికీ కనపడదు. పైనున్న జుత్తొక్కటే సక్కగా ఉండీది, అదీ ఒగ్గీసినావు."

మిగతా సగమూ గొరిగించుకుని మందిరం ముందు నిలబడ్డాను. గది పోయింది. మా కుర్రాళ్లు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు, అది నిజంగానే నొప్పి పెట్టింది.

కాబట్టి, ఉన్నాడో లేడో తెలియని దేవుడి సాక్షిగా కాక, నా గుండు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చేసేవాణ్ణి అడగకుండా ఏ పనినీ మూఢనమ్మకమనను. ముహూర్తాల సంగతి పెట్టేవాళ్లనే అడిగాను. ఎందుకో చెప్పలేకపోయారు, కాబట్టి వాటిని మూఢనమ్మకమని అంటూనే ఉంటాను. మీరు మాత్రం ఈ పుస్తకం మూసి లేవండి. నిన్న ఎవర్ని మూర్ఖుడని నవ్వారో వాళ్లింటికి వెళ్లి, ఆ పని ఎందుకు చేస్తారో అడగండి. జవాబు పూర్తయ్యేదాకా నోరు మెదపకండి.