పదకొండో ప్రతి

గత వారం జూబ్లీహిల్స్‌లోని ఒక చిత్రశాలలో గోడకున్న ఛాయాచిత్రాన్ని కాస్త పక్కకు జరిపి వెనకవైపు చూశాను. అలా చూడకూడదట. పది ప్రతులకు మించి వేయలేదనీ, నూరేళ్లు చెక్కుచెదరదనీ పక్కన చీటీ పెట్టిన ఆ పెద్దమనుషులు, చిత్రాన్ని అట్టకు మామూలు సెల్లో టేపుతో అతికించారు. ఆ జిగురు కొన్నేళ్లలో కాగితాన్ని పాడుచేస్తుందని చెబితే అక్కడి అమ్మాయి, వెనకవైపు ఎవరూ చూడరండీ అంది. జీవితమంతా రసాయనశాస్త్రం బోధించినవాడిని; ఇంటికి వచ్చాక కూడా నా కోపం తగ్గలేదు. తగ్గకపోగా, మా బావగారి మీద ఆరేళ్ల కిందటి కోపం దానికి తోడైంది.

బావగారంటే మా ఆవిడ అన్నగారు. సినిమాలకు స్టిల్స్ తీయడం ఆయన వృత్తి. ఫిల్మ్‌నగర్ ఇంట్లో ఒక స్నానాలగదిని డార్క్‌రూమ్‌గా మార్చుకుని, ఇంటిల్లిపాదినీ మిగిలిన ఒక్క స్నానాలగది ముందు వరుసలో నిలబెట్టిన మనిషి. తారల బొమ్మలు వేలకొద్దీ తీశారు గానీ, నాకు కావలసినవి షూటింగు విరామాల్లో ఆయన తనకోసం తీసుకున్న నలుపు తెలుపు చిత్రాలు. వాటిలో ఒకటి: పని ముగిసిన మేకప్‌మాన్ ఒకడు అద్దం ముందు నిలబడి, తన ముఖం తాను తుడుచుకుంటున్నాడు. దాన్ని పదే ప్రతులు వేయాలనీ, ప్రతిదాని అంచునా పెన్సిలుతో సంఖ్య వేయాలనీ, ఆపైన నెగటివ్‌ను కత్తిరించాలనీ నియమం పెట్టింది నేనే. ఒక్కో ప్రతినీ గంటసేపు పారే నీటిలో కడగాలి. లేకుంటే కాగితంలో మిగిలిన రసాయనం బొమ్మను తినేస్తుంది. నాలుగో ప్రతి నాది. కాగితం రకం, కడిగిన నిమిషాలు, అల్మారాలో తేమ, అన్నీ పుస్తకంలో రాసుకున్నాను. నెగటివ్‌ను నా ఎదుటే నాలుగు ముక్కలు చేశారు. పదే ఉన్నాయని మిగిలిన ప్రతులు కొన్న తొమ్మిదిమందికీ నా చేతిరాతతో హామీ ఇచ్చాను.

నెల తిరక్కుండా, మా ఆవిడ నోట యథాలాపంగా, బోరబండలో ఆ మేకప్‌మాన్ ఇంట్లో పదకొండోది ఉందని బయటపడింది. వెంటనే వెళ్లి నిలదీశాను. బావగారు తల దించుకోలేదు.

"మనిషి పోయాడు బావగారూ. నెగటివ్ ఇంకా కత్తిరించలేదు. మర్నాడు పెద్దకర్మ అనగా వాళ్లావిడొచ్చి ఫోటో అడిగింది. ముప్పై ఏళ్లు అందరి మొహాలకీ రంగేసినవాడికి తన ఫోటో ఇంకొకటి లేదు. పదీ అయిపోయాయమ్మా అని చెప్పమంటారా?"

సరిగా కడిగారా అని అడిగాను. ఆ రోజు నీళ్ల ట్యాంకరు రాలేదట. రెండు బకెట్లలో ముంచి తీశారట. నియమం తప్పడం ఒక ఎత్తు, కడగకుండా ఇవ్వడం మరో ఎత్తు. ఇది చెబితే ఆయన నవ్వారు. ఆ నవ్వు నేను ఇప్పటికీ క్షమించలేదు.

మర్నాడు పుస్తకం చంకన పెట్టుకుని, ఆ ప్రతిని వెనక్కి తెచ్చి చించేయాలన్న నిశ్చయంతో బోరబండ వెళ్లాను. చిత్రానికి గాజు లేదు. కుంకుమబొట్టు నేరుగా కాగితం మీదే పెట్టారు. తడి ఆరని బంతిపూల దండ, జానెడు దూరంలో దీపం. నేను భరించలేక, ఇచ్చిన హామీ సంగతంతా మేకప్‌మాన్ భార్యకు వివరించాను. ఆమె ఓపికగా విన్నది.

"తీస్కపోతే తీస్కపోండ్రి సార్. గా పదిమంది ఇండ్లల్ల ఆయన పేరు ఎర్కున్నోళ్లు ఎంతమంది ఉన్నరు?"

పుస్తకం తెరిచాను. కాగితం, నీరు, తేమ, అన్నీ ఉన్నాయి. పేరు లేదు. శీర్షిక దగ్గర 'అద్దం, విరామ సమయం' అని ఉంది. పేరు అడిగి రాసుకుని, చిత్రాన్ని ముట్టుకోకుండా వచ్చేశాను. తొమ్మిదిమందికీ పదకొండు ప్రతులున్నాయని ఉత్తరాలు రాశాను. వారిలో బంజారాహిల్స్ పెద్దమనిషి ఒకాయన నాతో మాట్లాడటం మానేశాడు.

బావగారు పోయి రెండేళ్లయింది. చిత్రశాల నుంచి వచ్చిన మర్నాడు, ఆ బకెట్ల నీళ్లు ఏం చేశాయో చూద్దామని మళ్లీ బోరబండ వెళ్లాను. నేను భయపడినట్టే జరిగింది. కాగితమంతా పసుపెక్కి, అద్దంలోని ముఖం చెరిగిపోయింది. తుడుచుకుంటున్న చెయ్యి ఒక్కటే మిగిలింది. ఆమె దాన్ని అలాగే పూజిస్తోంది. ఇంకొకటి వేయడానికి నెగటివ్ లేదు. కత్తిరించమన్నది నేనే.

నిన్న నా నాలుగో ప్రతికి గాజు పట్టించి తీసుకెళ్లి ఇచ్చాను. ఎండ తగలకూడదు, పొగ తగలకూడదు, గోడకు చెమ్మ ఉండకూడదు అని వరసగా చెప్పాను. ఆమె అన్నిటికీ తల ఊపి, కుంకుమ భరిణె తెచ్చింది.

"అద్దం మీదనే పెడుతున్న సార్, మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

ఆ తరువాత దీపం వెలిగించి, సరిగ్గా నేను వద్దన్న చోటే పెట్టింది. జరపమని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. నూరేళ్లు నిలవవలసినది అక్కడ ఇరవై ఏళ్లు నిలిస్తే గొప్ప. నా దగ్గరున్న ఆరేళ్లలో దాన్ని మనుషులు చూసింది నాలుగుసార్లు.