మా బావ చంపేసిన కథానాయిక

ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ మా జంగ్లీఘాట్ పేట కుళాయి నీళ్ళ లాంటిది, వచ్చినప్పుడే పట్టుకోవాలి. వీడియో పెడితే అది గుండ్రంగా తిరిగేదే గాని ఆడేది కాదు. కాబట్టి పదో తరగతి తెలుగు ఉపవాచకాన్ని చదవకుండా గట్టెక్కడానికి నాకున్న ఏకైక దారి విశాఖపట్నంలో ఉన్న మా మేనమామ కొడుకు. (తెలుగు గడగడా మాట్లాడేదాన్ని గాని, చదవమంటే ఒక్కో ఒత్తు దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆ నవల మూడు వందల పేజీలు.) "నాను పక్కాగా సదివీసేనే, కథంతా మెసేజిలో ఎట్టెస్తాను" అన్నాడు బావ. పంపాడు, పదకొండు వాక్యాలు. భర్త పోయాక రేవు పడవ తనే నడుపుకునే ఒక ఇల్లాలి కథ అది. ఆఖరి వాక్యం: "ఆమె ఏట్లోకి దిగింది, చనిపోయింది, చాలా విషాదం." ఆ విషాదాన్ని బస్సులో కూర్చుని బట్టీ పట్టాను.

మర్నాడు తెలుగు సర్ నవల ముగింపు ఎవరు చెబుతారని అడిగారు. మార్కులున్నాయన్నారు. నేను లేచి, గొంతులో కాస్త జీర కూడా తెచ్చుకుని, ఆవిడ ఏట్లో మునిగి చనిపోయిందని చెప్పాను. "చనిపోలేదమ్మా" అన్నారు సర్. నాకు ఒళ్ళు మండింది. కష్టపడి బట్టీ పట్టినది నేను! "లేదు సర్, చనిపోయింది. మీరు చివరిదాకా చదివినట్టు లేరు" అన్నాను. (అవును, అన్నాను.) ఆయన కోప్పడలేదు. పుస్తకం నా చేతికిచ్చి, "చివరి పేజీ పైకి చదువు" అన్నారు. నిలబడి కూడబలుక్కుంటూ చదివాను. చచ్చిపోయినావిడ పడవ అంచు మీద కూర్చుని చద్దన్నం తింటోంది. "అరే, జిందా హై!" అని వెనక బెంచీ వాడెవడో అరిచాడు. క్లాసంతా బల్లలు చరిచింది.

ఇంటికెళ్ళగానే ఫోన్ చేశాను. "సచ్చిపోనాదన్నావు కదరా బావా! సద్దన్నం తింతంది!"

"అరవకే. ఏట్లోకి దిగినకాడికి నాకు నిద్దరొచ్చీసింది. దిగింది కదా, ఇంక సచ్చిపోద్ది అనుకున్నాను."

"అనుకున్నావా?"

"నువ్వు అసలు సదవనే నేదు. నాను సగమైనా సదివేను. నీకెందుకే అంత కోపం?"

అన్యాయమేమిటంటే, ఆ మాట నిజం. ఫోన్ పెట్టేసి ఆ కసితోనే నవల మొదటి పేజీ తీశాను. గుమ్మంలో వల బాగుచేసుకుంటున్న నాన్న, నా సణుగుడంతా విని, చేతిలో పని ఆపాడు. "పడవ నడిపినోలు నీల్లల్లోకి దిగితే సచ్చిపోతారేటే? మరి నాను రోజూ దిగుతన్నాను కదా! సేపలోల పిల్లవి, ఆ మాటెలా నమ్మీసేవు?"

పళ్ళు కొరుకుతూ పదిహేను రోజులు చదివాను. ఆవిడ ఏట్లోకి దిగింది తాడు తెగి కొట్టుకుపోతున్న పడవ కోసం. దాన్ని ఒడ్డుకి లాగి, బురదలో కూలబడి, పోయిన భర్తని నోరారా తిట్టింది. అక్కడ నాకు ఏడుపొచ్చింది. (ఆ తిట్ల సంగతి బావ పదకొండు వాక్యాల్లో లేదు.) ఇంతా చేస్తే, పరీక్షలో నవల మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు! హాలు బయట సర్ కనిపిస్తే నిలదీశాను. "ఊరికే చదివించారు సర్!" ఆయన నవ్వి, "పాపం, ఊరికే చదివావా?" అంటూ వెళ్ళిపోయారు.

తరవాత చాలా పుస్తకాలు కొన్నాను. కొన్ని చదివాను, కొన్నిటికి వెనక అట్టతోనే సరిపెట్టుకున్నాను. ఇష్టంగా చదివినవీ ఉన్నాయి. కానీ అంత కోపంగా, ఒక్క ఒత్తు కూడా వదలకుండా, మళ్ళీ ఏ పుస్తకమూ చదవలేకపోయాను.