ఛత్తా బజార్‌కు రాని అజ్మత్ అలీ

అజ్మత్ అలీ ముప్పై ఏళ్లుగా ఛత్తా బజార్‌లోని మా ప్రెస్సులో ఉర్దూ పెళ్లికార్డులు రాస్తున్నాడు. మొదట వెదురు కలంతో, తర్వాత కంప్యూటర్ మీద. మొన్న హుస్సేనీ ఆలంలోని ఇంటి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు.

ఉర్దూ సాఫ్ట్‌వేర్ ప్రెస్సులోని పాత కంప్యూటర్ మీద తప్ప ఇంకెక్కడా నడవదు. అందుకని దాంట్లోనూ, ఆయన కూతురి ల్యాప్‌టాప్‌లోనూ వీఎన్‌సీ అనే ప్రోగ్రాం పెట్టాను. ఇక్కడి తెర అక్కడ కనిపిస్తుంది. ఆయన అక్కడ మౌస్ కదిపితే ఇక్కడ బాణం కదులుతుంది.

"మూడింటికల్లా ఈ కార్డు అయితే సరే. కాకుంటే రేపు వేరేటోన్ని పెట్టుకుంట," అన్నాడు ఓనరు ప్రేమ్‌రాజ్.

రెండున్నరైంది. నెట్ నెమ్మదిగా ఉంది. ప్రేమ్‌రాజ్ నా వెనక నిలబడి అసహనంగా కాళ్లు మార్చుకుంటున్నాడు.

"ఏంది, బాణం తాగినోని లెక్క నడుస్తున్నది?"

చివరి వరుసలో బాణం ఆగిపోయినట్టు కనిపించింది. నిజానికి అజ్మత్ చాచా ఒక అక్షరాన్ని కలంతో లాగినట్టు సన్నగా సాగదీస్తున్నాడు. అలా సాగితేనే వరుస నిండుతుంది. ఆ సంగతి ప్రేమ్‌రాజ్‌కు తెలియదు.

"ఆగిపాయింది!" అంటూ ప్రేమ్‌రాజ్, నేను ఆపేలోపే, మౌస్ పట్టి గుంజాడు. అక్షరం వంకర పోయింది.

నా ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను.

"సేఠ్, జర నా చెయ్యి వదలండి."

ప్రేమ్‌రాజ్ చటుక్కున మౌస్ వదిలేశాడు. చాచా ఆ అక్షరాన్ని మళ్లీ మొదటి నుంచి సాగదీశాడు. మూడుకు ఐదు నిమిషాలుండగా కార్డు అయిపోయింది.

"మస్తు ఉంది!" ప్రేమ్‌రాజ్ నా వీపు తట్టాడు. "ఇగ కాలు బాగైనా రావద్దను. ఇంటి నుంచే చేయమను. ఆయన జాగల లామినేషన్ మిషన్ పెడ్త."

ఫోన్ ఇంకా పెట్టేయలేదు. ప్రేమ్‌రాజ్ అప్పటికే కౌంటర్ దగ్గరికి వెళ్లిపోయాడు.

"ఇన్నవా బేటా?" అన్నాడు చాచా. "మాది ఒక్కటే అర్ర. పొద్దంతా ఏడుగురి నడుమ యాడ కూసోవాలె?"

రెండు రోజులు కూర్చుని ఆ వీఎన్‌సీ పెట్టింది నేనే. నడిచినందుకు పొద్దున మురిసిపోయింది కూడా నేనే.

"సేఠ్‌తో మాట్లాడ్త చాచా," అన్నాను. మాట్లాడినా వినడని మా ఇద్దరికీ తెలుసు.

"ఇంకో కార్డు తెరువు," అన్నాడు.


తెరిచాను.