రాతి ఒంటె మెడ మీద పేరు

నేను పడాల్సిన శిక్ష ఇంకొకడు పడ్డాడు. ఈ మాట ఏళ్ల తరబడి నా ఛాతీ మీద బరువుగా కూర్చుంది. అన్నం తింటున్నా, వైర్లు లాగుతున్నా, ఇంటికి ఫోన్ చేసి నవ్వుతున్నా కదల్లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు అన్నీ చెప్పగలుగుతున్నానేమో.

మాది జగిత్యాల వైపు పల్లె. సౌదీలో, తబూక్ దగ్గర ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఎలక్ట్రీషియన్‌ని. కొన్నేళ్ల కిందట రంజాన్ పండుగ సెలవుకి కంపెనీ మమ్మల్ని బస్సులో ఒక లోయకు తీసుకెళ్లింది. రెండు వైపులా ఎర్రటి కొండలు నిటారుగా లేచి ఉంటాయి. మధ్యలో సన్నటి ఏరు, ఒడ్డున రెల్లు, ఖర్జూరపు చెట్లు. ఏళ్లుగా ఇసుకా సిమెంటూ తప్ప చూడని కళ్లకు ఆ నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పలేను. లోయ మొదట్లోనే కొండరాతిలో చెక్కిన ఒంటె ఉంది. రెండంతస్తుల మేడంత. ఎప్పటిదో ఎవరికీ తెలియదు. ఏట్లో నీళ్లు తాగడానికి మెడ వంచినట్టు ఉంటుంది. ఆ మెడ మనిషి చేతికి అందుతుంది.

ఆ ఏడే మా అమ్మ పోయింది. సెలవు దొరక్క నేను పోలేకపోయాను. పాస్‌పోర్టులో నా పేరు వేరు, పనివాళ్లం ఉండే క్యాంపులో అందరూ పిలిచేదీ అదే. శ్రీను అని పిలిచేది అమ్మ ఒక్కతే. అందరూ నీళ్లలో ఆడుతుంటే, నేను జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి ఆ ఒంటె మెడ మీద 'శ్రీను' అని గీశాను. దుఃఖంతోనేనా? దుఃఖమే అయితే ఒక మూల కూర్చుని ఏడ్చేవాణ్ని కదా. అంత గొప్ప రాయి మీద నా పేరు కూడా ఉండాలన్న పొగరు అందులో ఉందని, ఎన్నోసార్లు నన్ను నేను తవ్వి చూసుకున్నాక ఒప్పుకోవాల్సి వచ్చింది.

నాలుగు రోజులకే అక్కడి కాపలావాళ్లు ఆ గీతల్ని ఫోటో తీసి కంపెనీకి పంపారు. అది ఏ భాషో కూడా ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. మా బస్సు డ్రైవర్ మల్లన్నను పిలిచి చూపిస్తే చదివి చెప్పాడు. క్యాంపులో అందరికీ తెలిసిన శ్రీను ఒక్కడే. మాకు వంట చేసే శ్రీను. ఆర్మూరు వైపువాడు, నాకన్నా చిన్నవాడు. అమ్మ పోయిన కబురు వచ్చిన రోజు చారన్నం కలిపి నా చేత బలవంతంగా తినిపించింది అతనే.

మేనేజరును అక్కడ ముదీర్ అంటారు. ముదీర్ గదిలో మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టారు. శ్రీను నావైపు తిరిగాడు.

"అన్నా, ఆ దినమంత నేను ఏటికాడ కోళ్లు కాల్చుకుంటనే ఉన్న గదా. నువ్వు చూసినవ్ గదా. జర నువ్వన్న చెప్పు."

"ఏమో తమ్మీ. నేను చూడలే."

అంతే అన్నాను. ఆ నాలుగు మాటలు అనకుండా ఉండటానికి ఎంత ధైర్యం కావాలి? పెద్దగా అక్కర్లేదు. అదీ నా దగ్గర లేదు. శ్రీనుకి ఎగ్జిట్ కొట్టి, అంటే వీసా రద్దు చేసి, ఇంటికి పంపేశారు. మళ్లీ సౌదీ రాకుండా రాశారు కూడా.

ఈ ఏడు పండుగకి కంపెనీ మళ్లీ అదే లోయ అంది. రానని చెప్పబోయి, వస్తానన్నాను. ఒంటె మెడ మీద గీతల్ని శుభ్రం చేశారు. అక్కడ రాయి కొంచెం తెల్లగా ఉంది. నేను అక్కడే నిలబడి శ్రీనుకి ఫోన్ చేశాను. ఆర్మూరులో టిఫిన్ బండి పెట్టుకున్నాడని తెలుసు. నంబరు నా దగ్గర ఎప్పటినుంచో ఉంది.

చెప్పేశాను. అవతల పెనం మీద అట్టు చుయ్‌మంది.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"భయపడ్డ తమ్మీ."

"సౌదీల దొంగతనం చేసిండని ఊరంత అన్నరు. నా బిడ్డను బడిల గూడ గదే అడిగిండ్రు." గరిటె పక్కన పడేసిన చప్పుడు వినపడింది. "స్పీకర్ పెడుతున్న. మా అవ్వ ఈడనే ఉన్నది, గిరాకోళ్లు ఉన్నరు. మల్ల చెప్పు. గట్టిగ చెప్పు."

నేను గొంతు చించుకుని అరిచాను. "ఆ పేరు రాసింది నేను! శ్రీను రాయలే! శ్రీను ఏ తప్పు చెయ్యలే!"

లోయ ఆ మాటల్ని అందుకుని ఒక కొండ నుంచి ఇంకో కొండకు విసిరింది. నీళ్లలో ఉన్నవాళ్లంతా బయటికొచ్చారు. పాతవాళ్లకు వెంటనే అర్థమైంది. మల్లన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"శ్రీనూ, నేను రా, డ్రైవర్ మల్లన్నను! వింటున్నవా రా?"

తర్వాత అందరూ ఒక్కసారే శ్రీనూ శ్రీనూ అని కేకలు పెట్టారు. ఈలలు వేశారు. కొండలు కూడా ఆ పేరే పలికాయి. మల్లన్న స్పీకర్ పెట్టిన ఫోన్లోంచి వాళ్ల అమ్మ గొంతు మా అందరి గొంతుల్నీ మించి వినపడింది. "నా కొడుకు ఏం చెయ్యలేదని నేను చెప్పలేదా! చెప్పలేదా!" ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. అంత పెద్ద గెలుపు నా బతుకులో నేను వినలేదు. అది నాది కాకపోయినా నా ఒళ్లు పులకరించింది.

ఫోన్ మళ్లీ నా చేతికొచ్చింది.

"అన్నా, నిన్ను మాఫ్ చేసిన అని మాత్రం అనుకోకు." ఫోన్ పెట్టేశాడు.

నేనే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆఫీసుకు చెప్పక తప్పదన్నాడు. చెప్పండి అన్నాను. ఎగ్జిట్ వస్తే రానీ.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మల్లన్న అద్దంలో నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ముందు సీట్లవాళ్లు శ్రీను చేసే మటన్ కూర గురించి, పని చేస్తూ అతను పాడే పాటల గురించి పెద్దగా నవ్వుతూ చెప్పుకుంటున్నారు. ఇన్నేళ్లలో అతని ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను తల దించుకోకుండా, క్యాంపు వచ్చేదాకా, ఒక్క మాట పోనివ్వకుండా విన్నాను.