మూడుసార్లు అడిగే మత్తు డాక్టరమ్మ

మా ఛత్రినాక గల్లీలో ఉండే మత్తు డాక్టరమ్మ పోయిందని మొన్న పొద్దున నా బిడ్డ వచ్చి చెప్పింది. నేను నమ్మలేదు. ఎవరు చూశారని అడిగాను. పోయి ఆమె గుమ్మం ముందు అన్ని చెప్పులు చూశాకే నమ్మాను.

నేను కంచన్‌బాగ్‌లో కొలిమి దగ్గర పనిచేసినవాణ్ణి. చదువు లేదు. ఎవరి మాటా తొందరగా నమ్మను. ఆమె నాకంటే ఎక్కువ. మత్తు ఇచ్చే ముందు ఏ సంగతైనా మూడుసార్లు అడిగేది. అడిగిన ప్రతిసారీ స్టూలు కాస్త దగ్గరికి లాక్కునేది.

నా హెర్నియా ఆపరేషన్ ముందురోజు అట్లాగే వచ్చి కూర్చుంది.

"చాచా, మీ ఖాందాన్‌ల ఎవరికన్నా ఆపరేషన్ టేబుల్ మీద తక్లీఫ్ అయిందా?"

"ఎవరికీ కాలే."

"మీ అన్న ఎట్ల పోయిండు?"

"జ్వరమొచ్చి. నా కడుపు కోస్తరా, నా ఖాందాన్‌ను కోస్తరా?"

నవ్వింది. మళ్లీ అడిగింది. ఇంకోసారీ అడిగింది. మూడుసార్లూ అబద్ధమే చెప్పాను. గల్లీ మనిషి కదా, మా ఇంటి కూపీ లాగుతోందని నా అనుమానం. అన్న పోయింది టేబుల్ మీదే. బీపీ పడిపోయింది, దాన్ని పైకి లేపే మందు పనిచేయలేదన్నారు. అప్పుడు అన్న బిడ్డకు సంబంధం చూస్తున్నాం. రక్తంలోనే తేడా ఉందంటారని జ్వరం అన్నాం. ఆ మాట మీదే ఉండిపోయాం.

నాకూ టేబుల్ మీద బీపీ పడింది. మొదటి మందుకు లేవలేదట. ఆమె ఇంకో మందు ముందే సిద్ధంగా పెట్టుకుంది. తెలివొచ్చాక అన్న సంగతి నేనే చెప్పి, నీకెట్లా తెలుసని అడిగాను.

"తెల్వదు చాచా. మీ మాట నమ్మలే, అంతే. ఒక్క మంటల కాల్చినా రెండు ఇనుప ముక్కలు ఒక్క తీరుగ వంగయని మీరే అంటరు గద. మందు గూడ గంతే. ఒకరి రక్తనాళాలు బిగుస్తయి, ఇంకొకరియి బిగవయి. కొందరికి అది పుట్టుకతోనే వస్తది. మీ బిడ్డకు ఉండొచ్చు, లేకపోవచ్చు. చెప్పుడు మాత్రం చెప్పాలె."

ఆమె అనుమానం వల్లే నేను బతికాను. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

వచ్చే వారం నా బిడ్డకు గాల్‌బ్లాడర్ రాళ్ల ఆపరేషన్. మత్తు ఆమే ఇవ్వాల్సింది. నిన్న కొత్త డాక్టర్ తలెత్తకుండా, ఇంట్లో ఎవరికైనా మత్తుతో తక్లీఫ్ ఉందా అని ఒక్కసారే అడిగాడు. లేదని బిడ్డ అనేసింది. దానికి తెలిసింది జ్వరమే. నాకు టేబుల్ మీద అయింది కూడా దానికి చెప్పలేదు.

"ఉంది. మా అన్న టేబుల్ మీద పోయిండు. నేను సావు అంచుదాక పోయొచ్చిన. రాసుకో సారూ."

బిడ్డ నా మొహం చూసింది. డాక్టర్ పెన్ను కదిపాడు.

"రాసిన బాపు."

అది ఇంగ్లీషు. నాకు రాదు.

"ఏం రాసినవో చదువు."

చదివాడు. మళ్లీ చదవమన్నాను, చదివాడు. మూడోసారి అడిగే ముందు స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.