నాయన అడిగి తెచ్చిన దీపం

మొన్న ఆదివారం మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో గేమ్ ఆడుతుంటే, కాఫీ ఇవ్వడానికి వెళ్ళిన నేను గ్లాసు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాను. తెర మీద మంచు కురిసే ఊరు, ఊరి చివర ఒక పెంకుటిల్లు, లోపల పొయ్యి దగ్గర ఒక ముసలాయన. రంగులు కొత్తవే గానీ ఆ ఇల్లు నాకు తెలుసు. నేను కాలేజీలో ఉన్నప్పుడు మార్కాపురంలో మా ఇంటి ముందు గదిలో ఆడిన ఆటకే ఇప్పుడు కొత్త ముస్తాబు చేసి వదిలారట. పిల్ల ఆ ఇంట్లోకి దూరి, మూలనున్న పెట్టె తెరిచి, దీపం తీసుకుని, ముసలాయన వైపు చూడనైనా చూడకుండా బయటికి వచ్చేసింది.

మా నాయనది పలకల వ్యాపారం. బాబాయి తన కంప్యూటర్ సెంటరు నడవక మూసేసినప్పుడు ఒక కంప్యూటర్, దాంతోపాటు ఈ ఆట సీడీ మా ఇంటికి చేరాయి. ఆ కాలపు కంప్యూటర్లు మీకు తెలిసినవేగా, మీట నొక్కి టీ తాగి వచ్చినా ఇంకా కళ్ళు తెరిచేవి కావు. కత్తి పట్టిన ఒక పిల్ల ఊరూరా తిరిగి, చీకటి కమ్మిన రాజ్యాన్ని వెలిగించాలి, అదీ ఆట. మొదట్లో నాకు ఒక్క ముక్క అర్థమయితే ఒట్టు. ఎటు పోవాలో, ఎవరితో కొట్లాడాలో తెలియక చస్తూ బతుకుతూ ఉండేదాన్ని. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన నాయన, కూతురు దేనితో ఇంత కుస్తీ పడుతోందోనని పక్కన కుర్చీ వేసుకుని, తనూ నాతోపాటు అయోమయంలో పడ్డాడు. మర్నాడు అంచులు విరిగిన పలకలు తెచ్చి, నేను తిరిగిన దారులన్నీ బలపంతో గీయడం మొదలుపెట్టాడు. రాజ్యమంతా మా గోడ వెంట పలకల మీద నిలబడింది. అమ్మ తడిగుడ్డతో అటు వస్తే ఇద్దరం కేకలు పెట్టేవాళ్ళం.

ఒక్క దగ్గర మాత్రం నాయన అడ్డం తిరిగాడు. ఆ ఆటలో ఎవరింట్లోకైనా పోవచ్చు, ఏ పెట్టె అయినా తెరవచ్చు, ఎవరూ ఏమీ అనరు. నేను మొదటి పెట్టె తెరవబోతేనే ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది, ఇంటాయన ఎదురుగా ఉండంగనే పెట్టెలో చెయ్యి పెడతావా? అడగొద్దా?"

అడగడానికి అందులో వీలు లేదని ఎంత చెప్పినా వినలేదు. దుకాణంలో కూర్చునే మనిషికి ఇంకొకరి పెట్టె మీద చెయ్యి పడడమంటే ఆటలోనైనా సహించదేమో. అప్పటినుంచి ఆటలోని మా కత్తిపిల్ల ఎవరి పెట్టెనూ ముట్టకుండా, మొండికత్తితో నానా తిప్పలు పడుతూ నడిచింది. విచిత్రమేమిటంటే, ఆ తిప్పల్లోనే నాకు ఆట మీద ప్రేమ పుట్టింది. ఆట మీదనో, పక్కన కూర్చున్న నాయన మీదనో, ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

చివరికి గుహ దగ్గర ఆగిపోయాం. అది దాటితే ముగింపే, కానీ దీపం లేనిదే లోపలికి పోలేం. ఆ దీపం ముసలాయన పెట్టెలో ఉందని ఊళ్ళో అందరూ చెబుతున్నారు. తీసుకుంటానని నేను, అడగకుండా వద్దని ఆయన. నాకు ఏడుపొచ్చి కంప్యూటర్ ముట్టడమే మానేశాను. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి నాయన ఒక్కడే దాని ముందు కూర్చుని ఉన్నాడు. తెర మీద మా కత్తిపిల్ల సంచిలో దీపం ఉంది.

"ఆ పెద్దాయనే ఇచ్చినాడులే. శానాసేపు నిలబడితే ఇచ్చినాడు."

ఆ సాయంత్రమే గుహ దాటాం. రాజ్యమంతా వెలిగిపోతుంటే నేను తెర మాని నాయన ముఖం చూశాను, ఏమీ తెలియలేదు. నాకోసం తన మాట తనే తప్పి పెట్టె తెరిచాడా, నిజంగానే ముసలాయన ఇచ్చాడా? ఆ ఆటకు తర్వాత వచ్చిన భాగాలన్నీ, పెళ్ళయ్యాక కూడా, వదలకుండా ఆడాను. ఎందులోనూ ఎవరూ పిలిచి ఏదీ ఇవ్వలేదు. నాయన పోయేదాకా నేను అడగనూ లేదు.

ఇదంతా చెబితే అమ్మాయి, నెట్‌లో చూస్తే నిమిషంలో తెలిసిపోతుందని ఫోన్ అందుకుంది. వద్దని ఆపాను. ఎందుకు ఆపానో నాకే తెలియదు. మన రోజుల్లో తెలియని సంగతి ఏళ్ళ తరబడి మనతోనే కాపురం ఉండేది, ఇప్పుడు దాన్ని గడప కూడా తొక్కనివ్వరు. దీపం తీయకముందుకు ఆటను వెనక్కి తిప్పించుకుని, పిల్ల బయటికి వెళ్ళాక నేనే కుర్చీలో కూర్చున్నాను. ముసలాయన పొయ్యి ఎగదోసుకుంటున్నాడు. పెట్టె పక్కనే ఉంది, చెయ్యి పోలేదు. నాయన ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు గనుక, తెరలోని ముసలాయన ముందు ఇంకాసేపు నిలబడ్డాను.