బెథోక్ క్షమించిన విధం

రెన్‌ఫ్రూ దొర స్కాట్లండ్‌కు రాజయ్యాడన్న కబురు రాగానే ఊరంతా బెథోక్ ఇంటి ముందు చేరి, ఆమె కాచిన బార్లీ బీరు పీపాలకు పీపాలు ఖాళీ చేసింది. బెథోక్ ముఖంలో నవ్వన్నది లేదు. దొరగారి మడుగులో ఒక్క సాల్మన్ చేప పట్టాడని, ఆమె ఒక్కగానొక్క కొడుకు ఫిన్లేను పెత్తందారు కొడుకు సైమన్ గట్టుమీదే పొడిచి చంపి ఇంకా ఏడాది తిరగలేదు. పాముపగ అంటారు గానీ, పామైనా ఎప్పుడో మరిచిపోతుందేమో, బెథోక్ మరిచిపోయే మనిషి కాదు.

"ఏం రాజులు, ఏం వంశం!" అంది ముంతలు నింపుతూ. "వీళ్ళ ముత్తాతలు సముద్రం అవతల బ్రిటనీలో ఎవరో దొర ఇంట్లో వంటా వడ్డనా చూసుకునేవాళ్ళు. ఇక్కడికొచ్చి మన రాజుల కొలువులో చేరారు. స్టూవర్డంటే అదేగా! కొలువు పేరే ఇంటిపేరు చేసుకున్నారు. గిన్నెలు మోసి మోసి ఒకడు రాజుగారి అల్లుడయ్యాడు. ఆ రాజు కూతురు గుర్రం మీంచి పడి పోతూ పోతూ కన్న బిడ్డే ఈయన. మొన్నటిదాకా రాజుగా ఉన్న మేనమామకి పిల్లల్లేరు. ఇంకేం, గరిటె పట్టిన ఇంటికి కిరీటం!"

"నోరు మూసుకో వదినా, గోడలకి చెవులుంటాయి," అన్నాడు మరిది డుగాల్.

"ఉండనీ. కిరీటం దొరకడం దొరగారి అదృష్టం. మరి నా కొడుకు చావు ఎవడి అదృష్టంరా?"

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే. పెత్తందారూ అదే లెక్క వేశాడు. కొత్త రాజుగారి బల్ల దగ్గర మాంసం కోసి వడ్డించే కొలువు సైమన్‌కు ఖాయం చేసుకున్నాడు. అయితే చేతికి నెత్తురంటినవాడిని రాజు ముందుకు రానివ్వరు. చచ్చినవాడి రక్తసంబంధులంతా క్షమిస్తేనే రాజూ క్షమిస్తాడు. అందుకని పెత్తందారు డుగాల్ దొడ్లోకి పాడి ఆవులు తోలించాడు. డుగాల్ ఇట్టే మెత్తబడ్డాడు. ఇక తల్లి ఒక్కతే మిగిలింది.

"మంచి ఆవులు వదినా. పెత్తందారుతో పెట్టుకుని ఈ ఊళ్ళో ఎట్లా బతుకుతాం?"

"నువ్వు బతుకుతావులే, ఆవుల తోక పట్టుకుని." బెథోక్ పొయ్యిలో కట్టె ఎగదోసింది. "సరే, రమ్మను. కానీ చర్చి ముందు, అందరి ఎదుటా, పద్ధతి ప్రకారం జరగాలి. ఒక్కటి తగ్గినా ఒప్పుకోను."

పద్ధతంటే ఇదీ. చంపినవాడు చెప్పుల్లేకుండా ఒంటి చొక్కాతో వచ్చి మోకరిల్లాలి. దూసిన కత్తిని మొన వైపు రెండు చేతులా పట్టుకుని, పిడిని అవతలివాళ్ళకు చాపాలి. నా ప్రాణం మీ చేతిలో ఉందని దానర్థం. వాళ్ళు పిడి పట్టుకుని "క్షమించాను" అనేదాకా వీడు మొన వదలకూడదు. వదిలితే రాజీ చెల్లదు. పిడి ముట్టుకున్న మరుక్షణం ఆ మాట అనేసి ఇంటికి పోవడమే అందరూ ఎరిగిన సంగతి.

ఆదివారం పూజ కాగానే సైమన్ మోకరిల్లాడు. పెదవి చివర నవ్వు కూడా ఉంది. బెథోక్ పిడి పట్టుకుంది. మాట మాత్రం అనలేదు. కత్తిని మెల్లగా తనవైపు లాగసాగింది.

సైమన్ నవ్వు పోయింది. "అమ్మా... అను, అనెయ్యి!"

"వదిలెయ్ నాయనా," అంది బెథోక్ మెత్తగా. "బరువనిపిస్తే వదిలెయ్. నిన్నెవరు పట్టుకోమన్నారు?"

"వదలకురా!" అని వెనకనుంచి పెత్తందారు అరిచాడు.

సైమన్ వదలలేదు. నెత్తురు మోచేతుల దాకా కారింది. బెథోక్ ఇంకాస్త లాగి, కత్తిని పక్కకు తిప్పింది. వాడు ఊరంతా వినేలా అరిచాడు గానీ పిడికిలి విప్పలేదు. అంచు ఎముక దాకా దిగింది. అప్పుడు ఆమె అందరికీ వినబడేలా "క్షమించాను" అంది. కత్తిని వాడి మోకాళ్ళ ముందు పెట్టి, లేవడానికి చెయ్యి కూడా అందించింది. పట్టుకోవడానికి వాడికి వేళ్ళు ఆడలేదు.

పద్ధతిలో ఎవరూ తప్పు పట్టలేకపోయారు. రాజు క్షమాభిక్షా వచ్చింది. మాంసం కోసే కొలువు మాత్రం ఇంకెవడికో పోయింది.

ఆ ఆదివారం ఇంటికి పోయే దారిలో డుగాల్ అడిగాడు. "క్షమించానని దేవుడి ముందు అబద్ధం ఎట్లా ఆడావు వదినా?"

"అబద్ధమెందుకవుతుందిరా? ఆ మాట అనేటప్పటికి నిజంగానే క్షమించేశాను."